ప్రవాసికి పది అంకెల పీటముడి

విదేశంలో ఉండే భారతీయుడు తన పాస్‌పోర్టును పదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటే చాలు. కానీ స్వదేశంలోని బ్యాంకు ఖాతాను, ఆధార్‌ను, ఆదాయపు పన్ను వ్యవహారాన్ని, బీమా పాలసీని ఒక్క తాటిపై పట్టి ఉంచుతున్న మొబైల్ ఫోన్ నంబరుకు మాత్రం నెల తిరగకుండానే డబ్బు కడుతూ పోవాలి. ఒక్కసారి ఏమరుపాటుగా ఉంటే నంబరు పోతుంది. నంబరుతో పాటు తన సొంత సొమ్మును తాకే అధికారమూ ఆచరణలో పోతుంది. ఏ చట్టమూ మొబైల్ నంబరును గుర్తింపు పత్రంగా ప్రకటించలేదు. అయినా మిగిలిన పత్రాలన్నింటికీ అదే తాళంచెవి అయి కూర్చుంది. కోటిన్నరకు పైగా ఉన్న ప్రవాస భారతీయులకు ఇది చిన్న అసౌకర్యం కాదు.

ఈ పరిస్థితి ఒక్కనాటిలో దాపురించలేదు. 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో మొబైల్ సేవలను ఆరంభించినప్పుడు అది సంపన్నుల విలాస వస్తువు. వచ్చే కాల్‌కు కూడా డబ్బు చెల్లించవలసిన రోజులవి. 2003 మే నుంచి కాల్ చేసినవారే చెల్లించే పద్ధతి రావడంతో సామాన్యుడి చేతికి ఫోను అందింది. 2011 జనవరి నుంచి కంపెనీ మారినా నంబరు మారనవసరం లేని సదుపాయం దేశమంతటా అమలులోకి వచ్చింది. అంతవరకు ఇంటికో, దుకాణానికో చెందిన ఫోన్ నంబరు అప్పటి నుంచి మనిషికి చెందినదైంది. ఈలోగా 2009 ఆగస్టు నుంచి ఇంటర్నెట్‌లో కార్డు లావాదేవీలకు రెండో అంచె ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. ఆ రెండో అంచెకు బ్యాంకులు ఎంచుకున్న సులభ మార్గం ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఒకసారి సంకేతం, అంటే నేడు అందరి నోటా నలిగే ఓటీపీ. ఆధార్ కూడా ఆ బాటే పట్టింది. పన్ను శాఖ, భవిష్య నిధి సంస్థ, మ్యూచువల్ ఫండ్లు వరుసగా అదే దారిలో నడిచాయి. ఎవరికి వారు తమ భద్రత కోసం తీసుకున్న నిర్ణయాలే ఇవన్నీ. వాటి మొత్తం బరువు పది అంకెల మీద పడుతుందని ఎవరూ ఆలోచించినట్లు లేదు.

ఇంత బరువు మోస్తున్న నంబరుకు రక్షణ ఎంత? ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల లోపు వాడకం లేదన్న కారణంతో తొలగించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో నిర్దేశించింది. ఆ తరువాత కూడా ఖాతాలో కనీసం 20 రూపాయలు ఉంటే, ఆ సొమ్ము మినహాయించుకుని మరో 30 రోజులు నంబరును కొనసాగించాలని చెప్పింది. వినడానికి ఇది ఉదారంగానే ఉంది. అయితే వాడకం అంటే ఏమిటన్న నిర్వచనాన్ని గమనించాలి. కాల్ చేసినా, వచ్చినా, ఎస్సెమ్మెస్ పంపినా, ఇంటర్నెట్ వాడినా అది వాడకమే. కానీ ఎస్సెమ్మెస్ అందుకోవడం వాడకం కాదు. ప్రవాసి తన భారతీయ నంబరును ప్రధానంగా దేనికోసం ఉంచుకుంటున్నాడో, సరిగ్గా ఆ పనే లెక్కలోకి రాదన్న మాట.

పైగా 2018 చివరలో ప్రైవేటు కంపెనీలు కనీస రీఛార్జి విధానాన్ని తెచ్చాక ఈ రక్షణ మరింత పలచబడింది. ఖాతాలో నిల్వ ఉన్నా, కాలపరిమితి గల పథకం లేకుంటే ముందు బయటికి వెళ్లే కాల్స్, కొద్ది రోజులకు వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. అప్పట్లో 28 రోజులకు 35 రూపాయలుగా మొదలైన కనీస మొత్తం 2024 జూలై నాటికి ఒక ప్రధాన సంస్థలో 199 రూపాయలకు చేరింది. డేటా అక్కరలేని వారికి కేవలం కాల్స్, ఎస్సెమ్మెస్‌లతో పథకాలు ఉండాలని, వాటికి 365 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చునని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. దాని ఫలితంగా 2025 జనవరిలో రెండు పెద్ద కంపెనీలు ఇంచుమించు ఏడాది గడువుతో, సుమారు 1,750 నుంచి 1,850 రూపాయల మధ్య పథకాలను ప్రకటించాయి. ఇది మేలే. కానీ ఇది గ్రామాల్లోని వృద్ధులను, రెండు సిమ్‌లు వాడేవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు. దేశం బయట ఉండి, ఏడాదిలో నాలుగైదు సంకేతాలు మాత్రమే అందుకోవలసిన మనిషి కంపెనీల లెక్కల్లోనూ లేడు, నియంత్రణ సంస్థ లెక్కల్లోనూ లేడు.

డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో కొలువు చేసే ఇంజనీరుకు 1,850 రూపాయలు లెక్కలోనివి కావు. అసలు చిక్కు సొమ్ముది కాదు. సిమ్ కార్డు విదేశంలో పనిచేయాలంటే అంతర్జాతీయ రోమింగ్ సదుపాయం ఉండాలి. అది లేకుండా విమానమెక్కిన వారికి అక్కడి నుంచి దాన్ని తెరిపించుకోవడం ప్రయాస. ఫోను పోయినా, సిమ్ చెడిపోయినా మారు సిమ్ కోసం చందాదారు సాధారణంగా స్వయంగా హాజరై గుర్తింపు నిరూపించుకోవాలి. అందుకోసం విమానమెక్కి వచ్చేదెవరు? కాబట్టి ఎక్కువమంది అనుసరించే మార్గం ఒకటే. సిమ్‌ను ఇంటివద్ద తండ్రి ఫోనులోనో, తల్లి బీరువాలోని పాత ఫోనులోనో ఉంచి వెళతారు.

ఇక్కడ ఒక వైపరీత్యాన్ని చూడాలి. "ఓటీపీని ఎవరికీ చెప్పకండి, కుటుంబ సభ్యులకు కూడా చెప్పకండి" అని బ్యాంకులు పదేపదే హెచ్చరిస్తున్నాయి. తెలుగు నాట వేలాది ఇళ్లలో రాత్రి పదింటికి అమెరికా నుంచి ఫోను వస్తుంది. అరవై ఏళ్లు దాటిన తండ్రి కళ్లద్దాలు వెతుక్కుని ఆరు అంకెలు చదువుతాడు. ఒక అంకె తప్పుతుంది, గడువు ముగుస్తుంది, మళ్లీ మొదలు. ఓటీపీని ఫోనులో చదివి వినిపించడం సహజమైన పనేనని ఆ తండ్రికి అలవాటు చేస్తున్నది ఈ వ్యవస్థే. రేపు బ్యాంకు అధికారినంటూ మరొకడు ఫోను చేసి అవే ఆరు అంకెలు అడిగితే ఆయన ఎందుకు అనుమానించాలి? భద్రత కోసం పెట్టిన నియమం, పాటించడం సాధ్యం కాని చోట అభద్రతకు తలుపు తీస్తున్నది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదన్న సామెత బ్యాంకులకు సరిగ్గా అతుకుతుంది. ప్రవాసికి వేరే మార్గం చూపరు, ఉన్న మార్గాన్ని నేరంగా చూస్తారు.

నంబరు పోయిన తరువాతి కథ మరింత తీవ్రమైనది. తొలగించిన నంబరు కొంతకాలం ఖాళీగా ఉండి, పిదప కొత్త చందాదారుకు దక్కుతుంది. తొలగించిన నంబర్లను కనీసం 90 రోజుల వరకు మరొకరికి కేటాయించరని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందు ట్రాయ్ తెలియజేసింది. పాత చందాదారు తన వాట్సాప్ సమాచారాన్ని ముందే తొలగించుకోవాలన్నది ఆ వ్యాజ్యంలో న్యాయస్థానం చేసిన సూచన. నంబరు పోయిందన్న సంగతే ఆలస్యంగా తెలుసుకునే ప్రవాసికి ఈ సూచన ఎంతవరకు ఉపయోగమో వేరే చెప్పనక్కరలేదు. అతని బ్యాంకు నుంచి వెళ్లే నిల్వ వివరాలు, హెచ్చరికలు, సంకేతాలు ఒక అపరిచితుడి చేతికి చేరతాయి. ఆ కొత్త చందాదారుదీ పాపం తప్పేమీ కాదు. అప్పుల వసూలు ఏజెంట్ల బెదిరింపులు కొందరికి ఉచితంగా లభిస్తాయి.

ఈ ముప్పును అధికారులు గుర్తించకపోలేదు. శాశ్వతంగా తొలగించిన నంబర్ల జాబితాతో తమ రికార్డులను సరిచూసుకోవాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి యూపీఐ వ్యవస్థలో కూడా చేతులు మారిన నంబర్లను వారానికొకసారి ఏరివేయాలని జాతీయ చెల్లింపుల సంస్థ నిర్ణయించింది. అపరిచితుడికి తలుపు మూయడానికి ఇది అవసరమే. కానీ ఆ తలుపు అసలు యజమానికి కూడా మూసుకుపోతున్నది. తిరిగి తెరవాలంటే బ్యాంకు శాఖకు రావాలి, లేదా రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పత్రాలు పంపాలి. ఏరివేతకు ఉన్నపాటి శ్రద్ధ పునరుద్ధరణకు లేదు.

2025 నవంబరులో టెలికాం శాఖ మరో అడుగు ముందుకు వేసింది. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ వంటి సందేశ సేవలు, ఏ నంబరుతో నమోదయ్యాయో ఆ సిమ్ ఫోనులో ఉంటేనే పనిచేసేలా మార్పు చేయాలని ఆదేశించి 90 రోజుల గడువు పెట్టింది. దానికి చూపిన కారణం బలమైనదే. భారతీయ నంబర్లతో తెరిచిన ఖాతాలను దేశం వెలుపల కూర్చుని, సిమ్ లేకుండానే నడుపుతూ మోసగాళ్లు ఇక్కడి అమాయకులను దోచుకుంటున్నారు. ఆగ్నేయాసియాలోని సైబర్ మోసాల స్థావరాలకు ఉద్యోగాల ఆశతో వెళ్లి చిక్కుకున్న తెలుగు యువకుల ఉదంతాలు మనకు తెలిసినవే. అయితే ఆ ఆదేశం ఏ రూపంలో అమలైనా ఒక సంగతి మాత్రం మిగులుతుంది. నంబరు భారతదేశానిది, మనిషి విదేశంలో, సిమ్ అతని ఫోనులో లేదు: నిబంధన గీసిన మోసగాడి చిత్రం ఇదే. ఊళ్లోని తల్లిదండ్రులతో పాత నంబరు మీదనే మాట్లాడుకునే ప్రవాసి చిత్రం కూడా అక్షరాలా ఇదే. ఇద్దరినీ వేరు చేసి చూసే ఏర్పాటు లేకుండా గీత గీస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో ఊహించడం కష్టం కాదు. ముఠాలు మరో దారి వెతుక్కుంటాయి. వృద్ధ దంపతులు వెతుక్కోలేరు.

విదేశీ నంబరునే నమోదు చేసుకోవచ్చు గదా అన్న ప్రశ్న సహజం. కొన్ని బ్యాంకులు అందుకు అంగీకరిస్తున్నాయి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవారు విదేశీ నంబర్లతోనే యూపీఐ వాడుకునేందుకు జాతీయ చెల్లింపుల సంస్థ 2023 జనవరిలో అనుమతించింది. తొలి జాబితాలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్ ఉన్నాయి. ఆ పది దేశాల్లో కువైట్ లేదు. కోనసీమ నుంచి, కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఎంతమంది తెలుగు స్త్రీపురుషులు కువైట్‌లో పనిచేస్తున్నారో తెలిసినవారికి ఆ లోపం ఇట్టే కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డుగోడ ఆధార్. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు దేశానికి వచ్చినప్పుడు 180 రోజుల నిరీక్షణ లేకుండా ఆధార్ పొందవచ్చునని 2019లో ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. కానీ ప్రవాసి విదేశీ నంబరు ఇచ్చినా దానికి ఎస్సెమ్మెస్‌లు పంపబోమని 2024 నాటి నమోదు నిబంధనలు స్పష్టం చేశాయి. అంటే ఆధార్ ఇస్తారు, దాన్ని దూరం నుంచి వాడుకోవడానికి కావలసిన సంకేతం మాత్రం భారతీయ నంబరుకే వస్తుంది. చుట్టూ తిరిగి కథ మళ్లీ బీరువాలోని పాత ఫోను దగ్గరికే చేరుతుంది.

2023-24లో దేశానికి ప్రవాసులు పంపిన సొమ్ము 11,870 కోట్ల డాలర్లని, అందులో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతమని రిజర్వు బ్యాంకు సర్వే తేల్చింది. ఈ సొమ్ములో జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీల కష్టార్జితమూ ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పాత నంబరు పోతే సెలవులో వచ్చినప్పుడు సర్దుకుంటాడు. రెండు మూడేళ్లకు గాని ఇంటి ముఖం చూడని భవన నిర్మాణ కార్మికుడికి ఆ వెసులుబాటు లేదు. ఊళ్లో అతని పేరిట ఉన్న ఖాతాను, అందులోని సొమ్మును అతని భార్య కూడా కదపలేదు. ఇలాంటి వారికి కంపెనీ నుంచి వచ్చే 'మీ గడువు ముగియనున్నది' అన్న హెచ్చరిక కూడా పనిచేయని సిమ్‌కే వెళుతుంది.

ప్రభుత్వం తరపు వాదనను తీసివేయలేము. ఫోన్ నంబర్లు పరిమితమైన జాతీయ వనరు, చందాదారుకు వాటిపై యాజమాన్య హక్కు లేదు. వాడని నంబర్లను ఏళ్ల తరబడి అట్టిపెడితే కొత్తవారికి కొరత వస్తుంది. యజమాని దగ్గర లేని సిమ్‌లు నేరగాళ్ల చేతికి చిక్కే ప్రమాదమూ ఉంది. కానీ ఈ వాదనల నుంచి తేలేది నంబరును గుర్తింపుగా వాడడం మానుకోవాలనే గాని, వాడుకుంటూనే 90 రోజులకు ఊడబెరకాలని కాదు. సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ 2024 జూలైలో బ్యాంకు ఖాతాల ప్రవేశానికి ఓటీపీలను మూడు నెలల్లో విడనాడాలని నిర్ణయించింది. అక్కడ ఫోనులోని డిజిటల్ టోకెన్ ఆ పని చేస్తుంది, నంబరు ఏ దేశానిదైనా ఇబ్బంది లేదు. మన రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబరులో, ఎస్సెమ్మెస్‌తో పాటు ఇతర ధ్రువీకరణ పద్ధతులకు తలుపులు తెరుస్తూ ఉత్తర్వులిచ్చి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పేర్కొంది. అవి ఎస్సెమ్మెస్‌ను నిషేధించలేదు. కనుక చవకైన పాత దారిని వదిలి కొత్తదానిపై ఖర్చు పెట్టడానికి బ్యాంకులు ఎంత తొందరపడతాయన్నది సందేహమే.

తక్షణం చేయగలిగినవి రెండున్నాయి. విదేశీ నివాసాన్ని పాస్‌పోర్టు, వీసాలతో రుజువు చేసుకున్నవారికి ఎస్సెమ్మెస్ అందుకోవడానికి మాత్రమే పరిమితమైన చవక వార్షిక పథకాన్ని ట్రాయ్ నిర్దేశించవచ్చు. వాడకం నిర్వచనంలో అందుకున్న ఎస్సెమ్మెస్‌ను చేర్చడానికి ఒక్క సవరణ చాలు. ఇక ఆధార్ సంస్థ ఎలాగూ ప్రవాసుల నుంచి ఈమెయిల్ చిరునామాను తప్పనిసరిగా తీసుకుంటున్నది. సంకేతాన్ని అక్కడికే పంపడానికి అభ్యంతరమేమిటో ఆ సంస్థ చెప్పవలసి ఉంది.