ఇందులో నువ్వెప్పుడొస్తావు?

రాజమండ్రి నుంచి ఒక తమ్ముడు తన గొంతు రికార్డు చేసి నాకు పంపాడు. 'అన్నయ్యా, డబ్బింగ్ ఆర్టిస్టుని కావాలని ఉంది. ఇది నా డెమో. మొహమాటపడకుండా చెప్పండి' అని కింద ఓ ముక్క రాశాడు. విన్నాను. ఆరు నిమిషాలు! సాయికుమార్ గారు గర్జించారు. రావు గోపాలరావు గారు తాపీగా విరుపులు విరిచారు. మధ్యలో ఓ కోడి కూడా కూసింది... అది మాత్రం అసలుదే అనుకుంటాను.

నవ్వాలి గానీ, నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి డెమోయే నేనూ చేశాను. డిగ్రీ పూర్తయిన కొత్తలో దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని హైదరాబాదులో ఒక డబ్బింగ్ థియేటర్ మెట్లెక్కాను. అక్కడి సౌండ్ ఇంజనీరు గారు పెద్దాయన. రెండు నిమిషాలు ఓపిగ్గా విని, ఆపేసి, "అందరూ వచ్చారు బాబూ... ఇందులో నువ్వెప్పుడొస్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మెట్లు దిగొచ్చేశాను.

ఆ ప్రశ్న విలువ నాకు తర్వాత తెలిసింది. సుమన్‌కి సాయికుమార్ గారి గొంతు ఎంత అతికిపోయిందో మనకి తెలుసు. కానీ 'అన్నమయ్య' (1997)లో అదే సుమన్ వేంకటేశ్వరస్వామిగా కనిపిస్తే, గొంతిచ్చింది బాలసుబ్రహ్మణ్యం గారు! అంటే గొంతును వెతికేది నటుడి కోసమే కాదు, పాత్ర కోసం కూడా. సాయికుమార్ గారి నాన్నగారు పి.జె. శర్మ గారూ డబ్బింగ్ కళాకారులే. తమ్ముడు రవిశంకర్ గారు 'అరుంధతి' (2009)లో సోనూ సూద్‌కి గొంతిచ్చి హాళ్ళను హడలెత్తించారు. ఒకే ఇల్లు, ఒకే విద్య. అయినా తమ్ముడు అన్నగారికి నకలు కాలేదు. ఇంట్లో పుట్టినవాళ్ళే తమ దారి తాము వెతుక్కుంటే, మనం నకలు పట్టుకెళితే ఎవరిక్కావాలి చెప్పండి? అసలు గొంతు కావాలంటే అసలాయన్నే పిలుస్తారు కదా!

అందుకని రాజమండ్రి తమ్ముడికి రాసిందే మీ అందరికీ చెబుతున్నాను.

డెమో ఒక్క నిమిషం ఉంటే చాలు. మహా అయితే నిమిషంన్నర. ముందు మీ పేరు. ఆ వెంటనే మీ మామూలు గొంతులో మీరు బాగా చెప్పగలిగిన ముక్క. మంచిది చివరికి దాచుకోకండి, అక్కడిదాకా ఎవరూ వినరు. పది, పదిహేను సెకన్ల ముక్కలు ఓ ఐదు చాలు: ఒక వ్యాపార ప్రకటన, ఒక డాక్యుమెంటరీ వ్యాఖ్యానం, ఒక కోపం, ఒక గుసగుస, పిల్లల కార్టూన్‌కి పనికొచ్చే చిలిపి మాట. వాటిని మీరే రాసుకోండి. మీ యాసలో ఒక ముక్క తప్పనిసరి. శ్రీకాకుళమైనా, కరీంనగరైనా అది దాచుకోవాల్సిన లోపం కాదు, మీ ఆస్తి.

రికార్డింగుకి స్టూడియోనే అక్కర్లేదు. ఫ్యాను ఆపండి. కిటికీ మూయండి. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, దాని ముందు నిలబడండి. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. లేకపోతే 'ప', 'ఫ' అన్నప్పుడల్లా గాలి కొట్టి టపటపలాడుతుంది. ఎకోలు, హోరెత్తే సంగీతం వద్దు. వినాల్సింది మిమ్మల్ని. రోజూ పేపరు గట్టిగా చదవండి. 'భార్య' కాస్తా 'బార్య' అవుతోందేమో, 'కళ' కాస్తా 'కల' అవుతోందేమో మీ చెవికే తెలుస్తుంది.

సినిమా డబ్బింగ్ అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. నాకూ ఒకసారి అవకాశం వచ్చింది లెండి. ఒక తమిళ అనువాద చిత్రంలో డ్రైవరుకి ఒకే ఒక్క డైలాగు: "సార్, కారొచ్చింది." తొమ్మిది టేకులు! ఆ నటుడు నోరు మూసేశాక కూడా నా 'ది' తెరమీద వేలాడుతూనే ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అంటే చివర నోరు తెరిచే ఉంటుంది. తమిళంలో, ఇంగ్లీషులో హల్లుతో ఆగిపోయే మాటలెక్కువ. పైగా ప, బ, మలకి పెదవులు కలిసి తీరాలి. ఇప్పుడు ఎవరి మాట వాళ్ళు విడిగా చెప్పొచ్చు కాబట్టి సరిపోయింది. మదరాసులో ఫిల్ము లూపుల రోజులైతే, నా ఒక్కడి తప్పుకి మైకు చుట్టూ ఉన్నవాళ్ళంతా మళ్ళీ మొదటికి రావాల్సిందే! కనుక ఒక సీను శబ్దం ఆపేసి, పెదవులు చూస్తూ మాట అతికించడం ఇంట్లోనే సాధన చేయండి.

చివరగా రెండు జాగ్రత్తలు. 'ముందు డబ్బు కట్టండి, తర్వాత వేషం గొంతు మీదే' అనేవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేయండి. కాగితం మీద సంతకం పెట్టేముందు మీ గొంతుని యంత్రానికి నేర్పి, మీరు లేకుండానే మాట్లాడించుకునే హక్కు అందులో రాశారేమో చూడండి. ఇది ఏఐ కాలం. గొంతు ఒకసారి చేయి జారితే తెచ్చుకోవడం కష్టం.

అన్నట్టు, నిన్న తమ్ముడి రెండో డెమో వచ్చింది. యాభై సెకన్లు. మొదటి ముక్కలో చేపల బజారులో బేరమాడే వాళ్ళ మేనత్తని దింపేశాడు! మహాప్రాణాలింకా తడబడుతున్నాయి, కోడి కూడా మానలేదు. అయినా రెండుసార్లు విన్నాను.

ఈసారి అందులో తమ్ముడొచ్చాడు!