పనేమీ లేకుండా సైకిలెక్కితే తప్పేముంది?

బడి వేళకు అనంతపురం జిల్లా గుత్తి రోడ్ల మీద నిలబడితే ఆడపిల్లల సైకిళ్ళు జట్లు జట్లుగా కనిపిస్తాయి. వెనక క్యారియర్‌కు బిగించిన పుస్తకాల సంచి, ముందు బుట్టలో అన్నం డబ్బా, చైన్‌లో పడకుండా నడుముకు ముడేసిన చున్నీ. ఇద్దరు పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకుంటారు. వెనక నుంచి ఆటో హారన్ కొడితే విడిపోయి, అది దాటాక మళ్ళీ కలుసుకుంటారు.

అదే సైకిల్ ఆదివారం ఇంటి గోడకు ఆనుకుని ఉంటుంది. పిల్ల పదో తరగతి దాటిందంటే తమ్ముడి చేతికి పోతుంది, లేదా పశువుల గాటిపాడిలో మూలకు చేరుతుంది. టైర్లలో గాలి దిగిపోతుంది. మళ్ళీ కొట్టించాలన్న ఆలోచన ఎవరికీ రాదు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళ లెక్కలో దాని పని అయిపోయింది.

ఆడది గడప దాటితే సీమలో ఎదురయ్యే మొదటి ప్రశ్న “యాడికి?” గుత్తికి తూర్పున యాడికి అని ఊరే ఉంది. ఆ ఊరికి పోతున్నానని చెప్పినా తర్వాతి ప్రశ్న “ఏం పని మీద?” అనే. ఆసుపత్రి, అంగడి, గుడి, పుట్టిల్లు, కరువు పని, ఇవైతే జవాబులే. “ఊరికే, గాలికి అట్లా పోయొస్తా” అనేది జవాబు కింద చెల్లదు. అదే మాట అన్న నోట వస్తే ఇంట్లో ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఈ వ్యాసం ఆ ‘ఊరికే’ గురించి.

ఆడపిల్లకు సైకిల్ ఇవ్వడం మన ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. బిహార్ 2006లో మొదలుపెట్టింది. ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ హైస్కూల్లో అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు అందాయి. దేశం మొత్తం మీద పల్లెల్లో బడికి సైకిల్ మీద వెళ్ళే అమ్మాయిలు 2007లో 4.5 శాతం ఉంటే 2017 నాటికి 11 శాతమయ్యారు. ఇదంతా గొప్ప మార్పే. కానీ ఆ పథకం పేరులోనే దాని హద్దు కూడా ఉంది. బడికొస్తా. బడికి మాత్రమే.

హద్దు దాటితే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. తమిళనాడులోని పుదుక్కోట్టై కూడా అనంతపురంలాగే వానకు మొహం వాచిన జిల్లా. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. తమిళంలో దాని పేరు అరివొళి ఇయక్కం. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్, అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పాలని పట్టుబట్టారు. పల్లె పల్లెకూ తిరిగి చదువు చెప్పాల్సిన మహిళలు బస్సు కోసం, మగవాళ్ళ తోడు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పని సాగదని ఆమె ఆలోచన. ఆ ఆలోచన కార్యకర్తలతో ఆగలేదు. కూలికి పోయే ఆడవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ వర్కర్లు, నర్సులు, టీచర్లు సైకిలెక్కారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే పట్టారు. కొందరికైతే అవే నచ్చాయి, అడ్డబార్ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. 1992 మార్చి 8న 1,500 మందికి పైగా మహిళలు హ్యాండిళ్ళకు జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ పుదుక్కోట్టై వీధుల్లో ఊరేగారు. జిల్లాలో సైకిల్ నేర్చుకున్న గ్రామీణ మహిళలు లక్షకు పైనే అని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఆయన పుస్తకం పేరు ‘అందరికీ మంచి కరువంటే ఇష్టం’ అని అర్థమిచ్చేది. కరువు జిల్లాల గురించిన పుస్తకంలో ఆడవాళ్ళ సైకిళ్ళకు చోటు దక్కడం గుత్తివాళ్ళు గుర్తుంచుకోదగ్గ సంగతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరిట అక్షరాస్యత ఉద్యమం వెలిగింది. దూబగుంట మహిళలు చదువుకున్న పాఠం నుంచి సారా వ్యతిరేక ఉద్యమం పుట్టి, 1993లో సారా నిషేధం దాకా నడిచింది. రెండు చోట్లా రాత్రి బడి పలకే మూలం. నెల్లూరులో అది సారా దుకాణం మూయించింది, పుదుక్కోట్టైలో రోడ్డు తెరిచింది. మొదటిదాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. రెండోది మనదాకా రాలేదు.

మరో దేశం సంగతి. 2013 ఏప్రిల్‌లో సౌదీ అరేబియా మత పోలీసులు ఆడవాళ్ళను సైకిల్ తొక్కనిస్తున్నారని అక్కడి అల్ యౌమ్ పత్రిక వార్త వేసింది. పార్కుల్లోనే తొక్కాలి, వెంట మగ బంధువు ఉండాలి, ఒళ్ళంతా కప్పే అబాయా వేసుకోవాలి అన్నారు. ఇంకో షరతు కూడా ఉండేది: సరదాకు సరే, ప్రయాణానికి పనికిరాదు. మన పల్లెల్లో ఆ షరతే తిరగబడింది. ప్రయాణానికి సరే, సరదాకు పనికిరాదు. రెండు చోట్లా సైకిల్ ఆడదానిదే, దారి మాత్రం వేరేవాళ్ళు రాసిచ్చింది.

కరువు సీమలో షికార్లేమిటని అడిగేవాళ్ళుంటారు. అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతం. చెనక్కాయ చేతికి రాని ఏళ్ళే ఎక్కువ. నిజమే. కానీ కరువొచ్చిందని రచ్చబండ ఖాళీ అయిందా? టీ బంకు ముందు బెంచీ ఖాళీ అయిందా? 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్ళు జీతం లేని ఇంటి పనికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. తేడా మూడు గంటల పైమాటే. తీరిక లేనిది కరువు వల్ల మాత్రమే అనుకుంటే ఈ లెక్క కుదరదు.

తొలకరి పడగానే పక్కనే ఉన్న జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి వజ్రాల కోసం జనం దిగుతారు. ఆడవాళ్ళూ దిగుతారు. తెల్లారకముందే వచ్చి, తల వంచుకుని, సాయంత్రం దాకా ఊరు కాని ఊళ్ళో పరాయి చేలల్లో తిరుగుతారు. అప్పుడు పరువు గురించి ఎవరూ మాట్లాడరు, భద్రత గురించీ మాట్లాడరు. రాయి దొరికితే డబ్బు కదా! ఆ చేల పక్కన అదే ఆడవాళ్ళు తల ఎత్తుకుని, ఏమీ వెతక్కుండా, సైకిల్ మీద పోతే మాత్రం ఊరంతా అడ్డొస్తుంది.

గుత్తి చుట్టూ అలా పోదగ్గ దారులున్నాయి. హైదరాబాద్–బెంగళూరు హైవే లారీలది, దాని జోలికి పోనక్కర్లేదు. చేల మధ్య బండిబాటలు చాలు. నల్లరేగడి మీద వాన పడిన మర్నాడు మాత్రం వద్దు, మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నేల గట్టిగా ఉంటుంది, పప్పుశనగ పచ్చగా లేస్తుంది, ఎండ వెన్నుకు వెచ్చగా తగులుతుంది. ఏ మలుపు తిరిగినా వెనక గుత్తి కొండ, దాని మీద కోట గోడ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి దారి తప్పే భయం లేదు.

పత్తికొండ దారిలో 13 కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి ఉంది. నింపాదిగా తొక్కితే గంటన్నర. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి బండల మీద అశోకుడి శాసనాలను గుర్తించారు. వాటిలో ఒకదాని రాత విచిత్రంగా ఉంటుంది. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, వాటి కింద కుడి నుంచి ఎడమకు, మడక చేను చివర మళ్ళి వెనక్కి వచ్చినట్టు. మరో శాసనంలో ఉన్న మాట ఈ విషయానికి సరిగ్గా పనికొస్తుంది: మనుషుల కోసం, పశువుల కోసం బాటల వెంట బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని. రెండు వేల రెండు వందల ఏళ్ళ కింద ఆ బండ మీద చెక్కింది మగవాళ్ళ బాట అని కాదు, మనుషుల బాట అని. ఇవాళ ఆడవాళ్ళ జట్టు ఒకటి సైకిళ్ళ మీద పోయి ఆ బండ ముందు దిగాలంటే కావలసినవీ అవే, కాస్త నీడ, తాగడానికి నీళ్ళు. వాటితో పాటు కాలకృత్యాలకు ఒక శుభ్రమైన చోటు.

భద్రత మాట కొట్టిపారేయదగింది కాదు. ఒంటరిగా పోయే అమ్మాయి వెంట బైక్ మీద పడే కుర్రాళ్ళు ఉన్నారు, తల్లుల భయం ఊరికే పుట్టలేదు. అందుకే జట్టు కావాలి. పదిహేను మంది కలిసి పోతుంటే వెకిలి మాట అనబోయేవాడి నోరు ముందే మూసుకుంటుంది. వారం వారం అదే జట్టు అదే దారిలో కనబడితే ఆ దారిలోని ఊళ్ళకు అలవాటవుతుంది. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ దారిలో ఒక గస్తీ బండి తిరిగేలా చూడటం పోలీసులకు పెద్ద భారం కాదు.

జట్టు కట్టడం మన ఆడవాళ్ళకు కొత్త కూడా కాదు. వారం వారం కూర్చుని లెక్కలు చూసుకునే పొదుపు సంఘం ప్రతి వీధిలో ఉంది. అప్పు కోసం కలిసే పదిమంది, ఒక ఆదివారం షికారు కోసం కలవలేరా? 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సు ఉచితం. అది మంచి పని. కానీ బస్సు దానికి రాసిపెట్టిన దారిలో, రాసిపెట్టిన వేళకే పోతుంది. పొద్దుతిరుగుడు చేను కనబడిన చోట ఆపమంటే ఆగదు.

ఇంట్లో గోడకు ఆనించిన సైకిల్ ఉంటే ఈ వారమే బయటికి తీయండి. చైన్‌కు నూనె పెట్టండి, బ్రేకులు బిగించండి, గాలి కొట్టించండి. సీమ బాటల్లో పల్లేరు ముళ్ళు, కంప ముళ్ళు ఎక్కువ, పంక్చర్ సామాను జట్టుకొకటి తప్పదు. అక్క దగ్గర సైకిల్ లేకపోతే చెల్లెలి బడి సైకిల్ ఆదివారం ఖాళీగానే ఉంటుంది. ఆరు గంటలకు గుత్తిలో బయలుదేరితే ఏడున్నరకు ఎర్రగుడి, పదిన్నర లోపు మళ్ళీ ఇల్లు. ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించాలో మగవాళ్ళు ముందు రోజు రాత్రే మాట్లాడుకుని పెట్టుకుంటే మంచిది.