నీలికాంతి తాయెత్తు

“కంప్యూటర్ ముందు కూర్చుంటే కళ్ళు మండుతున్నాయి, కళ్ళకి హాయిగా ఉండే మానిటర్ ఏదో చెప్పండి” అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ప్రశ్న న్యాయమైనదే. నా పేచీ అంతా దానికి దుకాణంలో దొరికే జవాబుతోనే. అట్టపెట్టె మీది ముద్ర చూపించి “ఇందులో బ్లూ లైట్ తక్కువ సార్, కళ్ళకేం కాదు” అంటారు. కళ్ళజోళ్ళ షాపుకెళితే అక్కడా అదే మంత్రం. పైగా ఒక ప్రదర్శన కూడానూ. మామూలు అద్దం గుండా ఊదారంగు లేజర్ టార్చి వేస్తే అవతల కార్డు మీద చుక్క పడుతుంది. “బ్లూ కట్” అద్దం గుండా వేస్తే పడదు. చూశారా!

పసుపు నీళ్ళలో సున్నం కలిపి “నెత్తురు” తెప్పించే బాబాల గుట్టు ఊరూరా విప్పిన మనం, ఈ టార్చి దగ్గర మాత్రం నోరు తెరుచుకుని చూస్తున్నాం. ఆ టార్చి కాంతి సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఎల్ఈడీ మానిటర్ వెలువరించే నీలికాంతి సుమారు 450 దగ్గర ఎక్కువ. మొదటిదాన్ని ఆపిన అద్దం రెండోదాన్నీ అంతే ఆపుతుందని ఆ ప్రదర్శన నిరూపించదు. పోనీ ఆపిందే అనుకుందాం. ఆపితే కళ్ళ అలసట తగ్గుతుందా అన్నది ఇంకో ప్రశ్న. దానికి టార్చి చాలదు, ప్రయోగం కావాలి.

ప్రయోగాలు జరిగాయి. ఆస్ట్రేలియాలో 120 మందికి, ఎవరికి ఏ అద్దం వచ్చిందో ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తెలియకుండా అద్దాలు పంచి, రెండు గంటలపాటు కంప్యూటర్ మీద పని చేయించారు. 2021లో వెలువడిన ఫలితం: నీలికాంతిని ఆపే అద్దాలకీ మామూలు అద్దాలకీ అలసటలో తేడా లేదు. 2023లో కోక్రేన్ సంస్థ ఇలాంటి 17 ప్రయోగాలను సమీక్షించింది. ఈ అద్దాల వల్ల స్వల్పకాలంలో కళ్ళ అలసట తగ్గే సూచన ఏదీ లేదని దాని సారాంశం. బ్రిటన్‌లో బూట్స్ ఆప్టిషియన్స్ కంపెనీ నీలికాంతి అద్దాలకు ఇచ్చిన ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టించిందని అక్కడి నియంత్రణ సంస్థ 2017లో 40,000 పౌండ్ల జరిమానా వేసింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ తప్పుడు ప్రకటనకు మొదటిసారే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. వీలైతే ఉంది.

చిన్న లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టిన తెల్లకాగితం ప్రకాశం సుమారు 25,000 నిట్లు. మామూలు మానిటర్‌ని పూర్తి వెలుతురులో పెట్టినా 250 నుంచి 350. పగలల్లా ఎండలో నాట్లు వేసే మనిషికి ఏ కంపెనీ కూడా నీలికాంతి గురించి హెచ్చరిక చేయదు, ఎందుకో మరి. (రాత్రి వెలుతురుకీ నిద్రకీ ఉన్న సంబంధం వేరే చర్చ. దాన్ని తెచ్చి కళ్ళ మంటకి అతికించకూడదు.)

ఈ తంతు కొత్తది కాదు. 1990లలో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళినవాళ్ళకి మానిటర్ ముందు తగిలించిన “యాంటీ రేడియేషన్” అద్దం గుర్తుండే ఉంటుంది. దసరాకి దాని మీదే కుంకుమ బొట్టు! తెరల నుంచి వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రాల వల్ల ఆరోగ్యానికి హాని ఉన్నట్టు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. అయితే ఆ అద్దాల్లో కొన్ని, తెర మీద పడే ట్యూబ్ లైటు ప్రతిబింబాన్ని తగ్గించేవి. అందుకని కొందరికి నిజంగానే హాయిగా ఉండేది. ఘనత మాత్రం “రేడియేషన్ ఆపినందుకు” దక్కేది.

మరి కళ్ళు ఎందుకు మండుతున్నాయి? ముఖ్యమైన కారణం, రెప్ప వేయడం మరిచిపోవడం. 1993లో జపాన్ పరిశోధకులు లెక్కపెట్టారు: తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10, తెర ముందు 7. దీనికి ఏసీ గాలో ఫ్యాన్ గాలో నేరుగా మొహానికి తగిలితే కన్ను ఎండిపోక ఏం చేస్తుంది? దీన్ని ఏ మానిటరూ బాగుచేయలేదు.

అలాగని అన్ని మానిటర్లూ ఒకటే అనడం లేదు. నా దృష్టిలో మొదట చూడవలసింది అక్షరాల స్పష్టత. అందులోనూ మనం చదివేది తెలుగు. ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ఒత్తులు మరీ చిన్నవి. 27 అంగుళాల మానిటర్ 1920×1080లో తీసుకుంటే అంగుళానికి 82 చుక్కలే పడతాయి. అదే 24 అంగుళాలకి 92. 27 అంగుళాలే కావాలంటే 2560×1440 తీసుకోండి, 109 పడతాయి. పెద్ద తెర కళ్ళకి మంచిదని 82 చుక్కలది కొని, ఒత్తులు కనపడక ముందుకు వంగి చదివేవాళ్ళని చాలామందిని చూశాను.

రెండోది మిణుకు. కొన్ని మానిటర్లు వెలుతురు తగ్గించడానికి దీపాన్ని సెకనుకి వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి తెలియదు. బ్రిటన్‌లో 1989లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, సెకనుకి 100 సార్లు మిణికే ట్యూబ్ లైట్ల బదులు మిణుకు లేనివి పెడితే ఉద్యోగుల తలనొప్పులు, కళ్ళ నొప్పులు సగానికి పైగా తగ్గాయి. మానిటర్ల మిణుకు వేగం సాధారణంగా అంతకంటే ఎక్కువ కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు వీటికి అంటగట్టలేం. కానీ పరీక్షకి పైసా ఖర్చు లేదు. గది చీకటి చేసి, తెర మీద తెల్లటి పేజీ తెరిచి, వెలుతురు బాగా తగ్గించి, ముందు పెన్సిల్‌ని విసనకర్రలా వేగంగా ఊపండి. విడివిడిగా పది పెన్సిళ్ళు కనిపిస్తే మిణుకు ఉన్నట్టే. అలుక్కుపోయినట్టు కనిపిస్తే లేనట్టు. దుకాణాల్లో మానిటర్లన్నీ పూర్తి వెలుతురులో పెడతారు, అప్పుడు ఈ మిణుకు సాధారణంగా ఉండదు. అందుకే తగ్గించి చూపించమని అడగాలి.

అద్దంలా మెరిసే తెర వద్దు. ఎత్తు తగ్గించి పెంచే స్టాండ్ ఉన్నది కొనండి. 40 దాటి, కింద పవర్ ఉన్న అద్దాలు పెట్టుకునేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చదవాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పిల్లల సంగతి. తలనొప్పి అంటున్న పిల్లాడికి పరీక్ష లేకుండా ఆన్‌లైన్‌లో జీరో పవర్ బ్లూ కట్ జోడు తెప్పించి ఊరుకుంటున్నారు. వాడికి బోర్డు కనపడటం లేదన్న సంగతి మరో ఏడాదికి గానీ బయటపడదు. పరీక్ష మనకీ అవసరమే. వెళ్ళే ముందు టేపు తీసుకుని కంటికీ తెరకీ మధ్య దూరం కొలిచి, ఆ అంకె డాక్టరుకి చెప్పండి. చదువుకునే అద్దాల పవర్ సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి రాస్తారు. చాలామందికి మానిటర్ 60 దగ్గర ఉంటుంది.