తెర సాఫ్, నీయత్ మైలా



ఫోన్ ఆటలు తయారుచేసే కుర్రాళ్లు బల్లగుద్ది చెప్పే మాట ఒకటుంది: "చూడగానే అర్థం కావాలి, వేలు పెట్టగానే నడవాలి. డిజైన్ అంటే అంతే." మస్జిద్ వరండాలో మన పెద్దలది ఇంకో మాట: "పత్తాలు హరామ్. బాత్ ఖతం." రెండూ వినీ వినీ విసుగొచ్చింది. తెర ఎవరికి సాఫ్‌గా ఉందని మొదటివాళ్లు అడుక్కోరు. రాత్రి పన్నెండుకి మన పిల్లోడి బొటనవేలు ఆ బటన్ మీదికే ఎందుకు పోతోందని రెండోవాళ్లు అడగరు.

నాయుడుపేటలో హైవే పక్కన ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లను చూడండి. మేనకూరు పోయేవాళ్లు, సెజ్‌కి పోయేవాళ్లు. బస్సు వచ్చేదాకా తల ఫోన్లోనే. కొన్నేళ్లపాటు వాళ్లలో ఎంతమంది తనఖ్వా ఆ తెరలో కరిగిందో ఇళ్లలోని అమ్మీలకు తెలుసు.

పైసల రమ్మీ తెర ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. డబ్బు వేసే బటన్ పచ్చగా, పెద్దగా, ఎప్పుడూ కళ్ల ముందే. గెలిస్తే గలగలా నాణేల మోత. ఓడితే మాత్రం చప్పుడు లేదు, మాట లేదు, వెంటనే ఇంకో బాజీ సిద్ధం. ఈ నెల మొత్తం ఎంత పోయిందన్న హిసాబ్ చూడాలంటే నాలుగు తలుపులు తెరవాలి. బోనస్ అన్న ముక్క పెద్ద అక్షరాల్లో, దాని షరతులు చీమల బారులో. దీన్ని సులువైన తెర అంటారా? డబ్బు లోపలికి పోయే దారి సులువు, మనిషి బయటికి వచ్చే దారి కష్టం. ఇది డిజైన్ రానివాళ్ల పని కాదు. బాగా వచ్చినవాళ్ల పనే.

ఇక్కడ కంపెనీల వకీళ్లు ఒక ఫైసలా చూపిస్తారు. అది మన తెలుగు నేల మీదిదే. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. అక్కడ రమ్మీ ఆడుతున్నారని నిజాం కాలపు జూదం చట్టం, 1305 ఫస్లీ నాటిది, దాని కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు చెప్పినవారు జస్టిస్ హిదాయతుల్లా సాహెబ్. మూడు ముక్కలాట లాగా రమ్మీ కేవలం నసీబ్ కాదు, పడిన ముక్కలు యాదుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది పారేయాలో తెలియాలి, ఇందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేపాటిదే అన్నది ఆ తీర్పు సారాంశం. వకీళ్లు ఇక్కడిదాకా చదివి కితాబ్ మూసేస్తారు.

మిగతా సగం ఎవరు చదవాలి? పందెం ఆటలో ఇంటివాడో క్లబ్బువాడో లాభం తీసుకుంటే అప్పుడది నేరమవుతుందని కూడా అదే తీర్పులో ఉంది. ఆ క్లబ్ తీసుకున్నది ఆటకు కూర్చున్నందుకు, పత్తాలకు కొద్దిపాటి రుసుము, అందుకే వదిలేశారు. ప్రతి బాజీ కుండలోంచి శాతం లెక్కన కోసుకునే దుకాణానికి ఆ ఫైసలా నీడ ఎలా దొరుకుతుంది? బ్రిడ్జి పేరు చెప్పి రమ్మీని నిలబెట్టారు, రమ్మీ పేరు చెప్పి దుకాణం పెట్టారు.

సరే, బ్రిడ్జి మాట వాళ్లే ఎత్తారు కాబట్టి అక్కడికే పోదాం. నలుగురు, 52 ముక్కలు, తలా 13. ఎదురెదురు కూర్చున్నవాళ్లు జతగాళ్లు. ముందు వేలం పాట, తర్వాత ఆట. పాట గెలిచినవాడి జతగాడు మొదటి ముక్క పడగానే తన 13 ముక్కలూ బల్లమీద ఖుల్లాగా పరిచేస్తాడు. ఈ ఆటకు తెర గీయడం అల్లాటప్పా పని కాదు. పాటలో ఏడు మెట్లు, ప్రతి మెట్టులో ఐదు రకాలు: నాలుగు రంగులు, తురుప్ లేని ఆట ఒకటి. అంటే 35 పాటలు. వాటిపైన పాస్, డబుల్, రీడబుల్. అన్నీ ఒకేసారి తెరమీద గుమ్మరిస్తే కొత్తవాడు పారిపోతాడు. మంచి తెర మెట్టు ముందు అడిగి రంగు తర్వాత అడుగుతుంది. చెల్లని పాటలను మసకబారుస్తుంది. ఎవరి వంతో, ఎవరు ఎంత పాడారో, ఎవరికి ఎన్ని పట్లు వచ్చాయో కంటికెదురుగా ఉంచుతుంది.

దాని అసలు గుణం ఇంకోటి. బ్రిడ్జిలో జతగాళ్ల మధ్య చాటు ఒప్పందాలు నడవవు. నా పాటకు ప్రత్యేక అర్థం ఉంటే అవతలి జంటకు అది జాహిర్ చేయాలి. ఆన్‌లైన్ బల్లమీద పాడినవాడే ఆ అర్థం రాస్తాడు. అది ప్రత్యర్థులకు కనబడుతుంది, జతగాడికి కనబడదు. వేలు జారి తప్పు ముక్క పడితే వెనక్కి తీసుకోవడానికి ప్రత్యర్థుల ఇజాజత్ అడగాలి. ఆట అయ్యాక నలుగురి ముక్కలూ బయటపెట్టి చూడొచ్చు. ఇదే పంపకాన్ని వేరే బల్లల మీద వేరేవాళ్లు ఎలా ఆడారో పోల్చుకోవచ్చు. మంచి ముక్కలు వచ్చినవాడు గెలిచాడన్న సాకు అక్కడ చెల్లదు, అవే ముక్కలు ఇంకొకరికీ వచ్చాయి కాబట్టి. ఏది దాచాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఇన్సాఫ్‌తో తేల్చాక తెర గీశారు. 2001లో ఫ్రెడ్ గిటెల్మన్ మొదలెట్టిన బ్రిడ్జి బేస్ ఆన్‌లైన్‌లో ఇవన్నీ చూడొచ్చు. అక్కడా డబ్బు కట్టి ఆడే పోటీలున్నాయి. మనం నేర్చుకోవలసింది బల్ల దగ్గరి అదబ్, గల్లాపెట్టె కాదు.

మన ఫిఖ్‌లో బేరం గురించి చెప్పిందేమిటి? సరుకులో ఐబ్ దాచి అమ్మితే కొన్నవాడు తిరిగి ఇచ్చేయొచ్చు. ఏం కొంటున్నాడో తెలియని గరర్ బేరం చెల్లదు. ఈ తరాజులో ఆ రెండు తెరలూ పెట్టి తూచండి. మాయిదా సూరా 90, 91 ఆయతుల్లో మైసిర్‌ను ఎందుకు వద్దన్నారో కూడా ఉంది: దుష్మనీ పెంచుతుందని, జిక్ర్ నుంచి, నమాజ్ నుంచి ఆపుతుందని. ఒక బాజీ అయ్యీ అవకముందే ఇంకోదాంట్లోకి లాగే తెరను గీసినవాడి నీయత్ ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్తారు?

"పత్తాలే వద్దంటే బ్రిడ్జి కథ ఎందుకు?" అని అడిగేవాళ్లు ఉంటారు. పందెం లేని పత్తాల మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. ముట్టనివాళ్లు ముట్టొద్దు. కానీ ఈ తరాజు పత్తాలకే కాదు. అప్పు ఇచ్చే యాప్‌కి, పిల్లల చేత వజ్రాలు కొనిపించే ఆటకి, అన్నింటికీ పనికొస్తుంది. హరామ్ అన్న ఒక్క ముక్కతో పిల్లోడి నోరు మూయించగలం. ధోకా ఎక్కడుందో చూపిస్తేనే వాడి కళ్లు తెరుచుకుంటాయి.

"బ్రిడ్జి పెద్దోళ్ల క్లబ్బుల ఆట" అంటారు. నిజమే, గేటు దగ్గరే మనల్ని ఆపే క్లబ్బులవి. కానీ 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ అరవై దరిదాపుల మనుషులు. ఈ ఆటకు కావలసింది దిమాగ్, సబర్. క్లబ్ గడప తొక్కలేని మన ఆపాలు, ఖాలాలు ఇంట్లోంచే ఆడగలిగేది తెరమీదనే.

ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందెం రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతా పైసల ఆటలు మూసింది. పందెం లేని ఆటలకు ఆ చట్టంలో చోటుంది. దుకాణం మూతపడింది, అలవాటుపడ్డ వేలు మాత్రం అలాగే ఉంది. ఖాళీగా వదిలేస్తే దొంగ యాప్ దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

అందుకే కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలకు సవాల్ విసురుతున్నా. తెలుగు అక్షరాల్లో ఒక బల్ల గీయండి. హుకుం, పాన్, ఈంట్, చిడి నాలుగూ నాలుగు రంగుల్లో, చత్వారం ఉన్న నానాకీ తేడా తెలిసేలా. పైసల బటన్ అసలే వద్దు. ఆడపిల్ల పేరు, ఫొటో అడగొద్దు, ముక్కూమొహం తెలియనివాడి మెసేజ్ ఆమె దాకా రానివ్వొద్దు. ఒక పంపకం ఏడెనిమిది నిమిషాల పని. నాలుగు పంపకాలు కాగానే బల్ల దానంతటదే మూతపడాలి, ఇంకోటి కావాలంటే మనిషే అడగాలి. అజాన్ వేళకు జతగాణ్ణి మధ్యలో వదిలి లేవాల్సిన పని ఉండకూడదు.

బయటికి పోయే తలుపు లోపలికి వచ్చే తలుపంత వెడల్పుగా పెట్టండి. అప్పుడు ఆ తెరను సాఫ్ అందాం.