తులం లెక్క, రవ్వ లెక్క

మల్లాపూర్ మండలంలో బీడీలు చేసే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు పెళ్లి ముచ్చట్లలో ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. పిల్లకు ఎన్ని తులాలు పెడుతున్నారన్న పాత ప్రశ్నకు తోడు 'డైమండ్ ఏమన్న పెడుతున్నరా' అన్నది కూడా వచ్చి చేరింది. దుబాయి, మస్కట్ సంపాదన ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఒకప్పుడు రవ్వల కమ్మలు, రవ్వల ముక్కుపుడకలు దొరల గడీల్లో, పట్నం షావుకార్ల ఇళ్లలో ఉండే సొమ్ములు. ఇప్పుడవి తునికాకు కత్తిరించే చేతుల దాకా వచ్చాయంటే సంతోషించాలి కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. నాకు ఆ సంతోషం కలగడం లేదు. అలాగని నగల మోజు మీద నీతులు చెప్పడానికీ ఇది రాయడం లేదు. బంగారాన్ని కేవలం స్త్రీల బానిసత్వానికి గుర్తుగా చూసే మన పాత ధోరణితో నాకు చాలాకాలంగా పేచీ ఉంది.

ఈ ప్రాంతంలో భూమి పట్టా చాలా ఇళ్లలో మగవాళ్ల పేరుతోనే ఉంటుంది. ఇల్లూ అంతే. స్త్రీ చేతిలో, స్త్రీ ఒంటి మీద ఉండే ఆస్తి బంగారం ఒక్కటే. గల్ఫ్ ఏజెంటుకు డబ్బు కట్టాలన్నా, బోరు వేయాలన్నా, ఆస్పత్రి ఖర్చు వచ్చినా ముందు కుదువకు పోయేది అదే. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు చెరుకు రైతుల ఇళ్లలో, కార్మికుల ఇళ్లలో ఆ భారం ఎవరి మెడ మీద పడి ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2023 ఎన్నికల్లో పెళ్లికూతురికి తులం బంగారం ఇస్తామన్నది ఓట్లడిగే వాగ్దానం అయిందంటే, ఆ కొలతకు ఇక్కడ ఎంత బరువుందో తెలుస్తుంది.

ఆ బరువు ఎక్కడ నుంచి వచ్చింది? బంగారం మెరుపు నుంచి కాదు. దాని ధర ఆమెకు తెలుసు. అక్షరం రాని ఆడమనిషి కూడా ఇవాళ తులం ఎంతో చెప్పగలదు. తరుగు ఎంత తీశారు, మజూరి ఎంత వేశారు అని అవుసులాయనతో పోట్లాడగలదు. ఒక దుకాణంలో తక్కువ చెబితే పక్క దుకాణానికి వెళ్లగలదు. ధర తెలియడం అనేది చిన్న విషయం కాదు. మన సంఘాల్లో హక్కుల గురించి ఎంతో మాట్లాడతాం గానీ, ఒక వస్తువు మీద స్త్రీకి నిజంగా అధికారం ఉందా లేదా అన్నది అమ్ముకునే రోజున తేలుతుంది.

ఇప్పుడు వజ్రం సంగతి చూద్దాం. దుకాణంలో నాలుగు మాటలు చెబుతారు: బరువు, రంగు, స్వచ్ఛత, సాన. బంగారంలో క్యారెట్ అంటే నాణ్యత, వజ్రంలో క్యారెట్ అంటే తూకం. మాట ఒకటే, అర్థం వేరు. ఒక క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు, అర క్యారెట్ రవ్వ గ్రాములో పదో వంతు. రంగు 'డి' అక్షరంతో మొదలై 'జెడ్' దాకా పోతుంది. 'డి' అంటే ఏ రంగూ లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు తేలుతుంది. లోపలి మచ్చలను పది రెట్లు పెద్దది చేసి చూపే అద్దంతో చూస్తారు. తళుకు మాత్రం సాన పనిని బట్టి వస్తుంది, దుకాణం దీపాల కిందే కాకుండా వాకిట్లో ఎండలో కూడా పెట్టి చూడాలి. ఒకే తూకం ఉన్న రెండు రవ్వల ధర ఎన్నో రెట్లు తేడాగా ఉండవచ్చు. పేపర్లో బంగారం ధర వేసినట్టు వజ్రం ధర రోజూ రాదు. దీనికి తోడు ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు వచ్చాయి. అవీ అసలు వజ్రాలే, కంటితో తేడా చెప్పలేం. కాని ధర చాలా తక్కువ, ఏటేటా ఇంకా పడిపోతూ వచ్చింది. కాబట్టి రవ్వ గనిదా, పెంచినదా అన్నది సర్టిఫికెట్టులో రాసి ఉండాలి, నోటి మాట సరిపోదు.

కుదువ దగ్గర కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. బంగారం మీద అప్పుకు రాళ్ల విలువ కలపకూడదని, లోహం విలువనే లెక్కకట్టాలని రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాలు కూడా చెబుతున్నాయి. పైగా వజ్రాలు పొదిగే నగలో బంగారం సాధారణంగా 18 క్యారెట్లు, కొన్నిటిలో 14. పది గ్రాముల 22 క్యారెట్ల గొలుసులో మేలిమి 9.16 గ్రాములుంటే, పది గ్రాముల 18 క్యారెట్లలో 7.5. అంటే లక్షలు పోసి కొన్న హారం కష్టకాలంలో దాని చట్రం బరువుకు కుదించుకుపోతుంది. కోరుట్లలో ఒకావిడ నాతో, "పెట్టిననాడు అందరు చూసిండ్రక్కా, తాకట్టుకు పోయిననాడు దాన్ని చూసినోడు లేడు" అంది.

తెలుగు నేలలో వజ్రం కథ మొదటి నుంచీ ఇంతే. పల్నాట కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. మగవాళ్లు తవ్వేవారట, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారట. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలలో ఇవాళ్టికీ తొలకరి పడగానే కూలి స్త్రీలు వంగి రాళ్లు వెతుకుతారు. దొరికితే ధర చెప్పేది వ్యాపారి. దొరికినామెకు ఆ రాయి విలువ తెలిసే దారి లేదు. ఇక పెళ్లికీ వజ్రానికీ ఇంత గట్టిగా ముడివేసిన డి బీర్స్ ప్రకటన వాక్యాన్ని 1947లో రాసింది ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ. ఆమె పెళ్లే చేసుకోలేదు. (ఈ సంగతి మన సమావేశాల్లో చెప్పినప్పుడల్లా నవ్వుతారు.)

మరి రవ్వ కొనవద్దనాలా? పిల్ల ముచ్చటపడితే కొనుక్కోనివ్వండి, చిన్నదిగా, మిగిలిన సొమ్మంతా 22 క్యారెట్ల బంగారంలో పెట్టి. అంతకన్నా ముఖ్యం, హారం పెట్టాం కదా అని ఆమె భూమి వాటాను మరిచిపోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా 2005 నుంచి హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. మా ఊళ్లలో నగలు పెట్టడం తరచుగా ఆ వాటాకు చెల్లుచీటీలా వాడుతున్నారు.

పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలని 1985 నిబంధనలున్నాయి. జాబితా రాయిస్తే కట్నాన్ని ఒప్పుకున్నట్టేనని మనలో కొందరి అభ్యంతరం. అడిగి తీసుకున్నది కట్నమే, దానిమీద రాజీ లేదు. కాని ఇచ్చిన స్త్రీధనం ఆమెదేనని, భర్త దానికి కేవలం కాపలాదారని ప్రతిభారాణి కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఠాణాలో నిలబడాలంటే కాగితం కావాలి. 'డైమండ్ నెక్లెస్ ఒకటి' అని రాస్తే అందులో ఏమున్నదో రేపు ఎవరూ చెప్పలేరు. బంగారం నికర బరువు, దాని నాణ్యత, రవ్వల సంఖ్య, తూకం, సర్టిఫికెట్టు నంబరు విడివిడిగా రాయించండి. బిల్లు అమ్మాయి పేరున తీసుకోండి. వాటి జిరాక్సు ఒకటి పుట్టింట్లో, ఒకటి ఆమె సొంత సంచిలో ఉండాలి. అసలు కాగితాలు అత్తగారి బీరువాలో పెట్టించకండి.