పాత నోట్లకు ప్లాస్టిక్ ముప్పు

పట్టిసీమ: శివరాత్రి తీర్థానికి వచ్చి వీరభద్రస్వామి దర్శనం చేసుకొని రేవు దాటే జనం, పిల్లలకు బొమ్మలతో పాటు పర్సులు, ఫోటో ఆల్బమ్‌లు కొనుక్కుపోవడం మామూలే. తాతగారు దాచిన రూపాయి నోటు, నాయనమ్మ కొంగున ముడివేసుకున్న చిల్లు కాణీ చివరకు చేరేది ఆ మెత్తని ప్లాస్టిక్ అరల్లోకే. చెదకూ, ఎలుకకూ, 1986 వరదకూ చిక్కని నోటు ఆ అరలో పాడైపోవడం శోచనీయం.

తప్పు దాచినవారిది కాదు. ప్లాస్టిక్ అంతా ఒకటే అనుకోవడంలో ఉంది. పి.వి.సి. అనేది పుట్టుకతో గట్టి ప్లాస్టిక్. నీళ్ల గొట్టాలు దానితోనే చేస్తారు. దాన్ని మెత్తబరచడానికి నూనె వంటి రసాయనం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె బయటకు ఊరి నోటుకు పడుతుంది. నోటు జిడ్డెక్కి కవరుకు అతుక్కుంటుంది. విడదీస్తే అచ్చు ఊడి వస్తుంది. ఆ ప్లాస్టిక్ పాతబడితే ఆమ్లం కూడా వదులుతుంది. మన నోట్ల కాగితం పత్తి గుజ్జుతో చేసింది కనుక ఆమ్లం తగిలితే పెళుసుబారుతుంది. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీ కంచుది. దానిపై పచ్చని జిగురు పేరుకుంటుంది. వేడి, తేమ తోడైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. గోదావరి ఒడ్డున తేమకు కొదవ లేదు. రేకుల ఇంటి అటక మీద వేడి సంగతి చెప్పనక్కరలేదు.

మంచి ప్లాస్టిక్‌లూ ఉన్నాయి. పాలిథిన్, పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ ఈ మూడూ నోటుకు హాని చేయవు. కొత్త చొక్కాకు వచ్చే పెళపెళలాడే పల్చని కవరు సాధారణంగా పాలీప్రొపిలీనే. డబ్బాల అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది: 5 ఉంటే పాలీప్రొపిలీన్, 3 ఉంటే పి.వి.సి. అంకె లేకపోతే కవరు అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో అదిమి వదలాలి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పి.వి.సి. మునుగుతుంది. పాలియెస్టర్ కూడా మునుగుతుంది గాని అది బిరుసుగా, వాసన లేకుండా ఉంటుంది. మెత్తగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసన కొడితే దూరంగా ఉంచడమే మేలు. రాగి తీగ కాల్చి పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఆ పొగ మంచిది కాదు, ఇంట్లో వద్దు.

లామినేషన్ చేయించేవారిని చూస్తే జాలి కలుగుతుంది. వేడి జిగురుతో నోటును శాశ్వతంగా సమాధి చేయడమే అది. చిరుగుకు సెల్లోటేపు, కట్టకు పిన్ను, రబ్బరు బ్యాండు కూడా అంతే.

దాచిన నోటుకు లక్షలు వస్తాయని ఆశపెట్టే ప్రకటనలను నమ్మరాదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. 2016లో రద్దయిన 500, 1000 నోట్లు కూడా 2017 చట్టం ప్రకారం ఒకరి దగ్గర మొత్తం పదికి మించి ఉండరాదు. నాణేల, నోట్ల సేకరణ కోసమైతే ఇరవై అయిదు. కనుక దాచేది డబ్బు కోసం కాదు, ఇంటి పెద్దల గుర్తుగానే. ఆ గుర్తు మనవల చేతికి చేరాలంటే కవరు మీద ప్లాస్టిక్ రకం తెలుగులో అచ్చువేయాలని తయారీదారులను ప్రభుత్వం ఆదేశించాలి. పది రూపాయల కవరు కొనే రైతుకు ఈ పరీక్షలన్నీ ఎందుకు?

అంతవరకు ఎవరి పెట్టె వారే తెరిచి చూసుకోవాలి. నోటు ఇప్పటికే కవరుకు అతుక్కొని ఉంటే లాగరాదు, తడపరాదు. కవరు అంచులను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, అతుక్కోని వైపు తెరిచి, మిగిలినది తెలిసినవారికి చూపించేదాకా అలాగే ఉంచాలి.