ఫ్లోచార్టు చింపేశాక

సంక్రాంతికి కొత్తపేట వెళ్ళినప్పుడు పిల్లలచేత డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించా. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు పాత్రలవుతారు. డ్రాగన్లెందుకులే అని మా దగ్గర్లోని జగ్గన్నతోట తీర్థాన్నే కథగా పెట్టా. కనుమనాడు పదకొండు ఊళ్ళ రుద్రులు కలిసేది అక్కడే. మన ఊరి ప్రభని కౌశిక దాటించి తోటకి చేర్చాలి. సాఫ్ట్‌వేరోణ్ణి కదా, ఫ్లోచార్టు గీసుకుని మరీ కూర్చున్నా.

"మావయ్యా, అరటి బోదెలతో తెప్ప కడతాం" అన్నాడు మేనల్లుడు. నా ఫ్లోచార్టులో తెప్ప లేదు. కుదరదన్నా. వాడి మొహం మాడిపోయింది, ఆట చప్పబడిపోయింది.

తప్పు నాదేనండీ. వైకుంఠపాళిలో ఎంత పడితే అంత నడవడమే, పాము మింగినా మన పూచీ లేదు. ఇక్కడ అలా కాదు, నిర్ణయం ముందు, పాచిక తర్వాత. ఆ నిర్ణయం కూడా నేనే లాక్కుంటే వాళ్ళకింకేం మిగిలింది?

మర్నాడు కాగితం చింపేసి మళ్ళీ మొదలెట్టా. తెప్ప కట్టారు. ఇరవై ముఖాల పాచిక మీద మూడు పడింది, ప్రభ ఏటి మధ్యలో ఒరిగిపోయింది. ఒకటే కేకలు! ఓడిపోయారు. అయినా ఫోన్ చేస్తే ఇప్పటికీ ఆ తెప్ప కబుర్లే.

మన డిజైన్ మీటింగుల్లో ఎన్ని తెప్పలకి "కుదరదు" అన్నామో కదా!